ఎర్ర దారం కట్టిన ఒత్తులు

అవ్వ పోయిందన్న కబురు వచ్చేసరికి నా స్టెతస్కోపు నాలుగు నెలల పసివాడి ఛాతీ మీద ఉంది. ఈ ఏడాది చలికి మా దవాఖానకు వచ్చిన మొదటి దగ్గు పిల్లాడు వాడే. బిచ్కుంద దగ్గరి పల్లె నుంచి పొద్దున మొదటి బస్సుకే తీసుకొచ్చారు. నా చేతులు ఖాళీగా లేవని నర్సు ఫోన్‌ని స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల అవ్వ కోడలు.

"డాక్టరమ్మా, అవ్వ లేదిగ. పొద్దుగాల్ల చాయ్ తాగి మంచంల ఒరిగింది, గంతే. దమ్ము ఇడిసింది."

అప్పటికి ముప్పై ఎనిమిది దాకా లెక్కపెట్టాను, నిమిషం ఇంకా నిండలేదు. బిడ్డ ఊపిరి లెక్క మధ్యలో ఆపకూడదని నాకు నేర్పింది ఆ పోయిన మనిషే. నిమిషం నిండేదాకా లెక్కపెట్టి, అరవై ఆరు అని చీటీ మీద రాసి, అప్పుడు ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న తల్లి తన బిడ్డకే ఏదో అయిందనుకుని వాడిని గుండెకు హత్తుకుని లేచి నిలబడింది. ఆమెకు సర్దిచెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

మీలో చాలామందికి అవ్వ తెలియదు. తెలిసినవాళ్లకు కూడా ఆమె పేరు తెలియదు. బాన్సువాడలో నేను పెట్టుకున్న పన్నెండు మంచాల పిల్లల దవాఖానకు వచ్చిపోయిన తల్లులందరికీ ఆమె అవ్వే, నాకూ అవ్వే. నేల తుడవడం, దుప్పట్లు ఉతకడం, పరికరాలు కడగడం ఆమె పని. అంతకు ముందు ఇరవై ఏళ్లు బీడీలు చేసింది. తంబాకు ఘాటు రొమ్ముకు పట్టి, దగ్గు ఆగక, ఆ పని మానేసి మా గుమ్మంలోకి వచ్చింది. నీకేం పని వచ్చు అవ్వా అని అడిగాను.

"నా చేతి ఏళ్లు మంచిగ చుడ్తయి డాక్టరమ్మా. ఏం చుట్టమంటే గది చుడ్త" అంది.

నాకు నవ్వొచ్చింది. పిల్లల దవాఖానలో చుట్టేదేముంటుంది? వారం తిరక్కుండానే తెలిసింది. పసిపిల్లలు నోటితో ఊపిరి తీయడం ఎరగరు, ముక్కు మూసుకుపోతే వాళ్లకు లోకం మూసుకుపోయినట్టే. ముక్కులో రెండు చుక్కల సెలైన్ వేసి, నానిన చీమిడిని మెత్తటి దూది ఒత్తితో తీయాలి. మా నర్సులు చుట్టిన ఒత్తులు లావుగా ఉండేవి, లేదంటే లోపలే విడిపోయేవి. అవ్వ ఒడిలో చాట పెట్టుకుని, బీడీలు చుట్టిన ఆ వేళ్లతో, అగ్గిపుల్లంత సన్నం ఒత్తులు చుట్టేది. మొదట్నుంచీ బీడీకి కట్టినట్టు కొసన దారం కూడా కట్టేది. అప్పట్లో ఆ దారానికి ఒక రంగంటూ లేదు, చేతికి ఏది దొరికితే అది.

నా మాటతీరు చూసి ఆటపట్టించేది. మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కుని క్యాంపులో, అంటే మావైపు వాళ్లు కట్టుకున్న ఊళ్లో, స్థిరపడ్డవాడు. నేను ఇక్కడే పుట్టినా ఇంటి భాష వదల్లేదు. "ఏంటి అవ్వా" అంటే చాలు, "ఏంటి కాదు, ఏంది. మంది పిల్లలకు మందు పోస్తున్నవు, మంది మాట నేర్వవా?" అనేది. నేను కోపిష్టిదాన్ని. వార్డులో నేను గొంతు పెంచితే అందరూ గోడలకు అతుక్కుపోయేవారు. ఆమె మాత్రం బకెట్టు నా కాళ్ల దగ్గర పెట్టి, "జర జరుగు బిడ్డా, నేల తుడ్వాలె" అనేది. అరవడానికి చోటు లేకుండా చేసేది.

అయితే వరి కోతలు ముగిసి, కాలువ మీద పొద్దున మంచు నిలబడే రోజులు వచ్చాయంటే ఆ మాటలన్నీ ఆగిపోయేవి. వచ్చేదాన్ని ఆమె పేరు పెట్టి పిలిచేది కాదు. "అది" అనేది.

"అది పిట్లం దాక వచ్చింది డాక్టరమ్మా. బస్సుల విన్న. ఇద్దరు పసిపోరగాండ్లు దగ్గుతుండ్రు. నాకు బుగులైతుంది."

మొదటి ఏడాది నేను కొట్టిపారేశాను. నాలుగు రోజుల్లో మంచాలన్నీ నిండిపోయాయి. ఆ తర్వాత ఆమె అలా అన్న రోజున నేనే ఆక్సిజన్ సిలిండర్లకు ఫోన్ చేసేదాన్ని.

ఆ "అది" మా పుస్తకాల్లో బ్రాంకియోలైటిస్. ఏడాది నిండని పిల్లలకు వస్తుంది. మొదట ఉత్త జలుబులా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మూడో రోజో నాలుగో రోజో ఊపిరితిత్తుల చివరన ఉండే సన్నని గొట్టాల్లోకి దిగుతుంది. గొట్టాలు వాచి, కఫంతో నిండి, బిడ్డ డొక్కలు ఎగరేయడం మొదలుపెడుతుంది. పాలు తాగలేదు, తాగితే ఊపిరి ఆడదు. చాలామంది వారంలో కోలుకుంటారు. కొందరు కోలుకోరు. ఎవరు ఏ గుంపులో పడతారో మొదటి రోజున చెప్పగలిగిన డాక్టరును నేను ఇంతవరకు చూడలేదు. దాన్ని పోగొట్టే మందు కూడా లేదు. ఆ మాట తల్లిదండ్రులకు చెప్పి చూడండి! "మందు లేకుంటే దవాఖాన ఎందుకు మేడం, పొగ పెట్టరాదుండ్రి" అంటారు. పొగ అంటే నెబ్యులైజర్. మందును ఆవిరిలా మార్చి మూతికి మాస్కు పెట్టి పీల్పించడం. ఆ తెల్లటి పొగ కనిపిస్తే వాళ్లకు ధైర్యం. నిజం చెప్పాలంటే నాకూ ధైర్యమే.

అలాంటి రోజుల్లో నేను చదువుకున్న కాలేజీ నుంచి మా సారు ఫోన్ చేశారు. పొగలో పెట్టే రెండు నీళ్లను పోల్చి చూద్దాం అన్నారు. ఒకటి మామూలు సెలైన్. రెండోది అంతకు మూడింతల ఉప్పున్న చిక్కటి సెలైన్, కఫాన్ని పలచన చేస్తుందని దాని మీద ఆశ. సీసాలు కాలేజీలోనే నింపి, కొన్నిటికి ఎర్ర మూత, కొన్నిటికి నీలం మూత పెట్టి పంపారు. ఏ మూత కింద ఏది ఉందో నాకు కూడా చెప్పలేదు. తెలిస్తే మనసు ఒక పక్కకు మొగ్గుతుంది, చూపు మారుతుంది. తల్లిదండ్రులకు అంతా వివరించి సంతకాలు తీసుకున్నాం. ఏ బిడ్డకు ఏ మూతో ముందే చీటీలో వచ్చేది. మిగతా చూసుకోవడం, అంటే ముక్కులు తీయడం, పాలు పట్టడం, ఆక్సిజన్, ఇవన్నీ అందరికీ ఒకే తీరుగా జరగాలి. పోలిక అంటే అంతే. నర్సులందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అవ్వకు చెప్పలేదు. నేల తుడిచే మనిషికి ఎందుకు చెప్పాలనుకున్నాను.

ఆ చలికాలం గడిచేసరికి తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది. నీలం మూత పిల్లలు తొందరగా పాలు పట్టుకున్నారు, తొందరగా ఇళ్లకు పోయారు. ఎర్ర మూత పిల్లలు వెనకబడ్డారు. వాళ్లలో పిట్లం నుంచి వచ్చిన ఐదు నెలల ఆడపిల్ల ఉండేది, ఆరో మంచం. మూడో రోజున పరిస్థితి చేయి దాటుతోందని నిజామాబాద్ పంపించాను. ఆ బిడ్డ తిరిగి రాలేదు.

సారు రహస్యం విప్పారు. నీలం మూత కింద ఉన్నది మామూలు సెలైన్. అంటే చిక్కటి ఉప్పునీటి కంటే ఉత్త సెలైనే మేలని తేలింది! సారు గొంతులో అనుమానం వినిపించింది. "ఎక్కడా ఇలా రాలేదమ్మా. ఇంకో ఏడాది చూసి జర్నలుకు రాద్దాం. ఈలోగా నీ పద్ధతులు ఏమీ మార్చకు" అన్నారు. నేను ఆగలేదు. బాన్సువాడలో కూర్చుని నేను కనిపెట్టిన సంగతి కదా! మరుసటి చలికాలం ఎర్ర మూతలు పక్కన పెట్టించి, పన్నెండు మంచాలకూ నీలం మూతలోని నీళ్లే పెట్టమన్నాను.

ఆ ఏడు అది ముందుగా వచ్చింది. మంచాలు నిండి, రెండు బెంచీలు కూడా నిండాయి. ఈసారి పిల్లలు తొందరగా కోలుకోవాలి కదా, కోలుకోలేదు. కొందరు బాగుపడేవారు, కొందరు అలాగే ఉండేవారు, ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఇంకొకటి కూడా గమనించాను. అవ్వ పరుగెత్తుతోంది. అరవై దాటిన మనిషి, తనకే దగ్గు, ఒక మంచం దగ్గర ముక్కు తీసి, ఇంకో మంచం దగ్గర ఉగ్గుగిన్నెతో గుక్కెడు గుక్కెడు పాలు పట్టించి, మూడో మంచానికి పోయేసరికి గోడ పట్టుకుని నిలబడేది. నేను చూశాను. అడగలేదు. పని పెరిగింది, పాపం, అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను రౌండ్లలో ఉన్నాను. తొమ్మిదో మంచం మీద మూడు నెలల బాబు. పొద్దున ఊపిరి నిమిషానికి డెబ్బై రెండు, ఒకటే ఏడుపు. ఇప్పుడు ఏడుపు లేదు, నలభైకి దిగింది. కళ్లు అరమూతలు పడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం మీద "మెరుగు" అని రాసి, రేపు ఇంటికి పోవచ్చని తల్లికి చెప్పాను. ఆమె దండం పెట్టింది. అంతలో తడి చేయి ఒకటి నా మణికట్టు పట్టుకుంది.

"గది నిద్ర కాదు డాక్టరమ్మా" అంది అవ్వ. "పోరడు అలిసిపోయిండు. ఊపిరి తీసుడు చాతనైతలేదు. మంచిగ సూడు."

చూశాను. పెదవుల చుట్టూ బూడిద రంగు. వేళ్లు చల్లగా ఉన్నాయి. నేను మెరుగు అని రాసుకున్నది బిడ్డ ఊపిరి కోసం పెనుగులాట మానేయడాన్ని. ఆ మరుక్షణం నుంచి గంటసేపు ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఊపిరి పట్టించే బ్యాగు, మాస్కు, నా చేతి నొప్పి, నిజామాబాద్ పోయే అంబులెన్సులో నేను దాన్ని నొక్కుతూనే ఉండటం. వాడు బతికాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. కాని ఆ కాగితం నా దగ్గరే ఉంది, "మెరుగు" అన్న నా చేతిరాతతో సహా.

మర్నాడు పొద్దున తిరిగొచ్చేసరికి అవ్వ మెట్ల మీద కూర్చుని ఉంది. ఇంటికి పోలేదట.

"నిన్నొకటి అడుగుత, కోపం చెయ్యకు. పిల్లలందరికి గా నీలం మూత నీళ్లెందుకు పెడ్తున్నవు? అండ్ల మందు లేదు బిడ్డా. సప్పగుంటది."

"నీకెలా తెలుసు?"

"నాకి సూసిన. పోయినేడు పొగ మిషన్ కప్పులు కడిగేటప్పుడు అడుగున చుక్కలుంటయి గద. ఎర్ర మూతది నోరు పొక్కేటంత ఉప్పు. నీలం మూతది కూర కడిగిన నీళ్ల లెక్క ఉంది. మంచి మందు కొందరికే ఉన్నది కావచ్చు, తక్కినోళ్లకు ఉత్తనీళ్లు పోస్తుండ్రు అనుకున్న. పెద్దోళ్లను అడుగుడెట్ల? గందుకే గా నీలం మూత పోరగాండ్లను నేనే అర్సుకున్న. ముక్కులు తీసిన, గంటగంటకు తల్లులను లేపి పాలు పట్టిపిచ్చిన. ఎర్ర మూతోళ్లకు ఎట్లాగు మందు పడ్తుంది, ఆళ్లకు నా ఫికర్ ఎందుకనుకున్న."

ఏడాది పాటు నేను పోల్చింది రెండు సీసాలను కాదు. అవ్వ చేతులు పడ్డ పిల్లలను, పడని పిల్లలను. గెలిచింది నీలం మూత కాదు. ఈ ఏడు అందరికీ అదే మూత పెట్టేసరికి ఆమె అందరి కోసం పరుగెత్తింది, రెండు చేతులు పన్నెండు మంచాలకు చాలలేదు.

అరిచాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. "మొత్తం పాడు చేశావు అవ్వా! ఏడాది పనంతా బూడిదలో పోశావు!" అన్నాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె ఎప్పటిలా నన్ను జరగమనలేదు. నేల వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"డాక్టరమ్మా, గా పిట్లం పొల్ల, ఆరో మంచం మీదిది... దానిది ఎర్ర మూతనే గద?"

అవునని తలూపాను.

"ఆ పొల్ల ముక్కు నేను తియ్యలే" అంది. "పక్కపొంటి పోయిన. మందు పడ్తుంది గద అని పోయిన."

అది నీ వల్ల కాదు అవ్వా అన్నాను. ఆ బిడ్డకు వచ్చింది మరీ ఉధృతంగా వచ్చిందని, ఎవరు ఏం చేసినా అలాగే అయ్యేదని చెప్పాను. నాకు తెలియదు. ఆ రోజు తెలియదు, ఈ రోజుకీ తెలియదు. నర్సులను కూర్చోబెట్టి అన్నీ చెప్పిన నేను, పక్కనే తుడుస్తున్న మనిషికి నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఆమె ఎర్ర మూతలనూ నీలం మూతలనూ ఒకేలా చూసేది. తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. ఆమెతో మాత్రం ఈ మాట సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పబోయినప్పుడల్లా "ఇడిసిపెట్టు బిడ్డా" అనేది.

సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదాయన. "ఆ అవ్వను మొదటే ఈ పరిశీలనలో మన మనిషిగా రాసుకోవాల్సింది మనం" అన్నారు. తర్వాతి చలికాలం మళ్లీ మొదట్నుంచి పోల్చాం. ఈసారి అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టాను. గంటగంటకు ప్రతి మంచం దగ్గర ముక్కు తీయాలి, కొంచెం కొంచెంగా పాలు పట్టాలి, మూత ఏ రంగైనా సరే. ఆ పని అందరికీ నేర్పింది ఆమె. చివరికి రెండు నీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. సారు ఆ మాటే రాశారు.

ఆ ఏటి నుంచి ఆమె ఒత్తులకు ఎర్ర దారం తప్ప ఇంకో దారం కట్టలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొత్త నర్సులకు ఒక్కటే మాట చెప్పేది: "ఏడ్సేటోళ్ల దగ్గరికి అందరు ఉరుకుతరు. నువ్వు సప్పుడు లేనోళ్ల దగ్గరికి పో."

తర్వాత ఆమె ఛాతీ ఆమెను పనికి రానివ్వలేదు. ఇంట్లోనే ఉండి, వారం వారం ఒక స్టీలు డబ్బా నిండా ఒత్తులు చుట్టి కోడలితో పంపేది. ఒక్క వారం తప్పలేదు. పోయిన నెల చూడటానికి వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని చుడుతోంది. నేను కబుర్లు చెబుతున్నట్టే ఉండి ఆమె భుజాల వైపు చూస్తున్నాను. పట్టేసింది.

"లెక్కపెడ్తున్నవా? ఎంతొచ్చింది?"

"ముప్పై రెండు అవ్వా. దవాఖానకు వచ్చెయ్, ఆక్సిజన్ పెడతాను."

"గా మంచం పసిపోరగాండ్లకు ఉండనియ్యి. ఈపారి అది జల్ది వస్తది. ఇంకా చలే పడలే, గప్పుడే పక్కింటి పొల్ల దగ్గుతుంది. ఇన్నవా?"

నాకు ఏమీ వినిపించలేదు. ఆమె తల పక్కకు వంచి వింటూనే ఉంది.

ఆమెను మట్టి చేసి ఇంటికి వచ్చాక కోడలు ఆ చాట తెచ్చి నా చేతిలో పెట్టింది. దూది, కత్తెర, ఎర్ర దారం రీలు, ఒక డబ్బా నిండా ఒత్తులు. అన్నిటికంటే పైన దారం కట్టని ఒత్తి ఒకటి. "గది చుట్టుకుంటనే చాయ్ అడిగింది" అంది కోడలు. దానికి దారం నేను కడదామనుకున్నాను. నా వేళ్ల మధ్య ఒత్తి మొత్తం విడిపోయింది.

అది జరిగి తొమ్మిది రోజులు. డబ్బా సగానికి వచ్చింది. మా నర్సులు చుట్టినవి ఇంకా లావుగానే ఉన్నాయి. పదకొండు మంచాలు నిండాయి, పిట్లం నుంచి ఇంకో ఇద్దరు బస్సెక్కారని ఇప్పుడే ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ కాస్త తీరిక దొరికితే ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. పొద్దుటి నుంచి గుక్కపట్టి ఏడుస్తున్న ఆరో మంచం బిడ్డ ఈ పేజీ మధ్యలో ఎప్పుడో ఏడుపు ఆపేసింది. ఎర్ర దారం ఒత్తి ఒకటి తీసుకుని లేస్తున్నాను.